నల్లనీళ్ళు ఎవరికి నలుపు? ఆనంద్ యుద్ధ నవలను హంసలదీవి నుంచి చదవటం

కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవికి ఒక స్థలపురాణం వుంది. జనం పాపాలు మోసి నల్లబడ్డ గంగ కాకి రూపంలో తిరిగి తిరిగి, ఇక్కడ మునిగి హంసయిందట. నలుపు పాపం, తెలుపు పుణ్యం. ఈ లెక్క చిన్నప్పట్నించీ వింటున్న దివిసీమ పల్లెల విద్యార్థికి ముల్క్‌రాజ్ ఆనంద్ 'ఎక్రాస్ ది బ్లాక్ వాటర్స్' (1940) పేరులోనే తగాదా కనపడుతుంది. అందులో నల్లనీళ్ళంటే కాలాపానీ, దాటితే కులం పోయే సముద్రం. సవర్ణ సిపాయికి అది భయం. పోగొట్టుకోటానికి అసలు కులగౌరవమే లేనివాడికి ఆ నీళ్ళు ఎందుకు నల్లగా వుండాలి? కోస్తా నుంచి రంగం పోయిన కూలీలు ఈ ప్రశ్నకు ఎప్పుడో జవాబు చెప్పారు.

1914లో పంజాబు రైతుబిడ్డ లాలూ మార్సేల్స్ రేవులో దిగి ఫ్లాండర్స్ కందకాల్లోకి పోతాడు. ఈ యుద్ధం ఎవరి కోసమో అతనికి తెలీదు. తెలిసిందల్లా ఇంటి దగ్గర పోయిన భూమి. సర్కారు మెచ్చుకుంటే ఆ చెక్క తిరిగి దక్కుతుందని ఆశ. ముసలి ధనూ కందకం నీళ్ళలో మునిగి చస్తాడు, కిర్పూ ఉరేసుకుంటాడు, లాలూ జర్మన్ల చేతికి చిక్కుతాడు. సామ్రాజ్యం రైతు భూమి ఆశను తూటాలకి ఎట్లా మారకం వేసిందో ఇంత సూటిగా చూపిన భారతీయ నవలలు తక్కువ. దాన్ని మేము తక్కువ చెయ్యం.

అయితే ఈ నవలలో భూమి ప్రతీకగా నిలబడాలంటే ముందు అది వుండి, పోయుండాలి. మన పాలేరుకి పొలం గట్లన్నీ తెలుసు, పట్టా ఎట్లా వుంటుందో తెలీదు. ధనూ చావు దగ్గర మటుకు మా వైపు చదువరి ఆగిపోతాడు. 1977 నవంబరు 19 ఉప్పెనలో పదివేలమందికి పైగా పోయారు. మేడ వున్నవాడు మేడెక్కాడు, తాటాకు గుడిసెలో కూలి కొట్టుకుపోయాడు. నీళ్ళకి కులం లేదంటారు గానీ పల్లాన ఎవరి ఇళ్ళుంటాయో వూరు ముందే నిర్ణయించింది.

ఇక సైనిక దుస్తులు. ఆనంద్ 1935 నవల 'అన్‌టచబుల్'లో బాఖా తెల్ల సోల్జర్లు వదిలేసిన ప్యాంటూ బూట్లూ వేసుకుని మురుస్తాడు. ఐదేళ్ళ తర్వాత లాలూ ఒంటిమీద అదే బట్ట చావుగుడ్డ అయింది. రెండూ నిజమే. అంబేద్కర్ తండ్రి సుబేదారు. 1890ల్లో 'యుద్ధజాతులు' కారంటూ మహర్లకు సైన్యం తలుపులు మూసిన తెల్లవాళ్ళు, అవసరం పడ్డాక 1917లో 111వ మహర్ పటాలం లేపారు, యుద్ధం అయ్యాక రద్దు చేశారు. యుద్ధం వద్దని మన కుర్రాళ్ళకు చెప్పే కార్యకర్తలు ఈ తలుపు సంగతి కూడా మాట్లాడాలి. తిండికీ మర్యాదకీ పటాలంలో చేరినవాణ్ణి సామ్రాజ్యవాది అని తిట్టటం తేలిక.

ఆ యుద్ధానికి ఇక్కణ్ణించి చేర్చుకున్నవాళ్ళలో ఐదున్నర లక్షలకు పైగా తుపాకి పట్టనివాళ్ళే. వంటవాళ్ళు, నీళ్ళు మోసేవాళ్ళు, కంచరగాడిదలు తోలేవాళ్ళు, పాకీవాళ్ళు. వాళ్ళలో ఒకడు సుఖా, అంటరాని కులంవాడు. 1915 జనవరిలో ఇంగ్లండు ఆస్పత్రిలో చచ్చిపోయాడు. కులం చూసి హిందువులు దహనానికి ఒప్పుకోలేదు, హిందువని ముస్లింలు పూడ్చనివ్వలేదు. చివరికి బ్రోకెన్‌హర్స్ట్ చర్చి పాదిరీ చోటిచ్చాడు, ఆ వూరివాళ్ళు చందాలేసుకుని రాయి నిలబెట్టారు. నల్లనీళ్ళు దాటితే కులం పోతుందన్న మాట ఆ శవం దగ్గర ఏమైందో చూడండి.

ఆనంద్‌కి ఈ మనుషులు తెలీదనలేం. బాఖా తండ్రి లాఖా డోగ్రా పటాలం పాకీవాళ్ళకు జమాదారు. ఆనంద్ తండ్రీ డోగ్రా పటాలంలోనే పనిచేశాడు. తర్వాత 1942లో 'ది స్వోర్డ్ అండ్ ది సికిల్' రాసి లాలూని వూరికి తిరిగి తెచ్చాడు కూడా. బాఖా వోడెక్కిన నవల మాత్రం రాయలేదు.