లక్క ఇంట్లో ఐదుగురు: ‘కల్కి’ కంటిన్యుటీ చర్చలో లెక్కకు రానివాళ్లు

నాగ్ అశ్విన్ తీసిన ‘కల్కి 2898 ఏడీ’ 2024 జూన్ 27న విడుదలైంది. ఆ తర్వాత కొన్ని నెలల పాటు మాదాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం ఆఫీసుల క్యాంటీన్లలో, కొండాపూర్ టీ కొట్ల దగ్గర, హాస్టల్ గదుల్లో నడిచిన వాదనలు మామూలు సినిమా వాదనలు కావు. ఫైట్లు ఎట్లా ఉన్నాయి, పాటలు ఎట్లా ఉన్నాయి అనే మాట వెనక్కి పోయింది. కంటిన్యుటీ ముందుకొచ్చింది. సినిమాకు ముందు మే 31న అమెజాన్ ప్రైమ్‌లో వచ్చిన యానిమేషన్ ప్రీక్వెల్ ‘బుజ్జి అండ్ భైరవ’ రెండు భాగాలకూ, సినిమాకూ పొత్తు కుదిరిందా? అశ్వత్థామ నుదుటి మణిని కృష్ణుడే తీసుకున్నట్టు చూపించారు, మూలంలో అట్లా ఉందా? చివర్లో యాస్కిన్ గాండీవాన్ని ఎట్లా ఎత్తగలిగాడు? అన్నిటికంటే పెద్ద గొడవ: భైరవుడు కర్ణుడైతే, కర్ణుడు అర్జునుడికంటే మొనగాడా?

పొద్దుపోని సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ల గోల అని దీన్ని కొట్టిపారేసే పెద్దలున్నారు. మేం అట్లా అనుకోవడం లేదు. ముందు చెప్పిన కథకూ తర్వాత చెప్పిన కథకూ పొందిక ఉందా అని నిలదీయడం విమర్శకు మొదటి మెట్టు. పురాణంలో అంకెలు సరిచూడడం భక్తులకు చేతకాని పని. అభిమానులు చేస్తున్నారు, మంచిదే. అయితే ఈ సినిమాకు అసలు ప్రీక్వెల్ బుజ్జి బొమ్మల కథ కాదు, మహాభారతం. సినిమా కురుక్షేత్రంలో మొదలై ఆరువేల ఏళ్లు దాటి కాశీలో తేలుతుంది. దర్శకుడే ఆ మాట విడుదలకు ముందు చెప్పాడు. కాబట్టి లెక్క అడిగేవాళ్లు మహాభారతం దాకా పోయి అడగాలి. పోయారు గానీ, అక్కడ తమకు కావలసిన పద్దులే చూసుకుని పుస్తకం మూసేశారు. మా తగాదా అక్కడ.

ముందు ఏళ్ల లెక్క చూద్దాం. సంప్రదాయ గణితం ప్రకారం కలియుగం క్రీస్తుపూర్వం 3102లో మొదలైంది. దానికి 2898 కలిపితే 6000. మధ్యలో సున్నా సంవత్సరం లేదు గనక నిక్కచ్చిగా ఒక ఏడు తగ్గుతుందని పట్టుకున్న గట్టివాళ్లూ ఉన్నారు! కానీ ఆ గణితమే కలియుగానికి 4,32,000 ఏళ్లు ఇచ్చింది. పూజ మొదలుపెట్టేటప్పుడు పురోహితుడు సంకల్పంలో ఇప్పటికీ మనం కలియుగం మొదటి పాదంలోనే ఉన్నామని చెబుతాడు. ఆ లెక్కన 2898 నాటికి కల్కి రావడానికి ఇంకా 4,26,000 ఏళ్లు మిగిలే ఉంటాయి. సినిమా అన్ని లక్షల ఏళ్లనూ ఒక్క దెబ్బతో కొట్టేసింది. మణి ఎవరు తీశారన్న దాని మీద రెచ్చిపోయిన వాళ్లు, దూరదర్శన్ ‘మహాభారత్’లో భీష్ముడి వేషం వేసిన ముకేశ్ ఖన్నాతో సహా, ఈ కోత మీద అంత వేడిగా మాట్లాడింది మేం వినలేదు.

ఈ 4,32,000 ఎక్కడిది? ఈ ప్రశ్న సినిమా పుట్టక చాలా ముందే ఒకాయన అడిగాడు. అంబేద్కర్ ‘హిందూమతంలో చిక్కుముడులు’లో ఒక అధ్యాయం మొత్తం కలియుగం మీదనే ఉంది. ఆయన చనిపోయాక మూడు దశాబ్దాలకు, 1987లో మహారాష్ట్ర ప్రభుత్వం ఆ పుస్తకాన్ని అచ్చు వేస్తే పెద్ద గొడవైన సంగతి మన పాఠకులకు తెలుసు. బ్రాహ్మణులు కలియుగాన్ని అంతులేనిదిగా ఎందుకు చేశారన్నది ఆయన ప్రశ్న. తొలి లెక్కలో కలి వెయ్యేళ్లే. ముందొక నూరు, వెనకొక నూరు సంధికాలం. మొత్తం 1200. క్రీస్తుపూర్వం 3102 నుంచి లెక్కపెడితే ఆ కలియుగం ఎప్పుడో ముగిసిపోయింది. ముగిసిందని ఒప్పుకోకుండా, ఇవి మనుషుల ఏళ్లు కావు, దేవతల ఏళ్లు అన్నారు. దేవతలకు ఒక ఏడు మనకు 360 ఏళ్లట. 1200ను 360తో గుణించండి, 4,32,000 వస్తుంది. ఇప్పటి సినిమా భాషలో దీన్నే రెట్‌కాన్ అంటున్నారు. వెనకటి కథను తర్వాతి అవసరం కోసం దిద్దడం. కంటిన్యుటీ అడిగే అభిమానులకు నిజమైన పూర్వీకుడు అంబేద్కరే. ఆ మాట వాళ్లలో చాలామందికి ఎవరూ చెప్పలేదు, అంతే.

కలి ఎందుకంత చెడ్డదో పురాణాలు దాచిపెట్టలేదు. విష్ణుపురాణం చెప్పే కలి లక్షణాలు తిరగేస్తే తెలుస్తుంది: శూద్రులు రాజులవుతారు, వర్ణాశ్రమ కట్టుబాట్లు ఊడిపోతాయి, అధికారం లేనివాళ్లు ధర్మం చెబుతారు. వాళ్లకు ప్రళయం అనిపించింది మనకు హాస్టలూ స్కాలర్‌షిప్పూ! కల్కి వచ్చేది దాన్ని సరిదిద్దడానికే. ఇక్కడ సినిమాకు దక్కాల్సిన మెప్పు దక్కనివ్వాలి. కలి లక్షణాల జాబితా నుంచి వర్ణసంకరం తీసేసి నీళ్లూ, గాలీ, పచ్చదనం పెట్టింది. కాశీ నెత్తిన తలకిందులుగా వేలాడే పిరమిడ్ లాంటి కాంప్లెక్స్‌లో అవన్నీ పోగుపడి ఉంటాయి, కింద గంగ ఎండిపోయి ఉంటుంది. దుర్మార్గం అంటే వనరులు దాచుకోవడం అని చూపడం చిన్న మార్పు కాదు.

అయితే ప్రీక్వెల్‌ను మాత్రం ముట్టుకోలేదు. సినిమాకు వెన్నెముక అశ్వత్థామ శాపం. అతను రాత్రిపూట నిద్రపోతున్న ద్రౌపది ఐదుగురు కొడుకులను చంపాడు, ఉత్తర కడుపులోని పిండం మీదికి అస్త్రం వేశాడు. మహాభారతంలో కృష్ణుడు అతనికి వేసిన శిక్ష 3000 ఏళ్లు. సినిమాలో అది ఆరువేల ఏళ్లు సాగుతుంది. ఈ తేడా కూడా అభిమానులు పట్టుకున్నారు. సరే. ఇప్పుడు అదే మహాభారతంలో ఆదిపర్వానికి వెళ్దాం. వారణావతంలో లక్క ఇల్లు. కుంతి ఆ రాత్రి అన్నదానం చేసింది. ఒక నిషాద స్త్రీ ఐదుగురు కొడుకులతో వచ్చి, తిని, తాగి, మత్తులో అక్కడే పడుకుంది. భీముడు ఇంటికి నిప్పు పెట్టాడు. పాండవులు సొరంగంలో బయటపడ్డారు. తెల్లారి దొరికిన ఆరు కాలిన శవాలను చూసి కుంతీ, పాండవులూ చచ్చిపోయారని ఊరు నమ్మింది.

అక్కడ ఐదుగురు కొడుకులు, ఇక్కడా ఐదుగురు కొడుకులు. అక్కడా నిద్రలోనే, ఇక్కడా నిద్రలోనే. ద్రౌపది కొడుకుల కోసం ఒక శాపం పుట్టి, ఆరువేల ఏళ్లు నడిచి, అమితాబ్ బచ్చన్ ఒంటి మీద కట్లై, గ్రాఫిక్సై, వెండితెర మీద కూర్చుంది. నిషాద తల్లి కొడుకుల కోసం ఒక్క మాటా లేదు. వాళ్లకు పేర్లూ లేవు. పాండవులు బతికినట్టు ఎవరికీ అనుమానం రాకుండా ఉండడానికి వాళ్ల శవాలు కావాలి. ఆ శవాలు లేకపోతే అజ్ఞాతం లేదు, ద్రౌపది స్వయంవరం లేదు, కురుక్షేత్రం లేదు, 2898 కూడా లేదు. మొత్తం కథకు కంటిన్యుటీ ఇచ్చింది ఆ ఆరుగురు. ప్లాట్‌లో ఇంత పెద్ద బొక్క కళ్ల ముందు పెట్టుకుని మణి దగ్గర ఆగిపోతే ఎట్లా?

కర్ణుడి గొడవకు వద్దాం. ఈ చర్చలో కులం మాట వచ్చిన చోటు ఇదొక్కటే గనక కొంచెం నిలబడాల్సి ఉంది. ఒక పక్షం కర్ణుణ్ని ఆకాశానికెత్తింది: సూతపుత్రుడని అవమానించారు, అతనిదే అసలు వీరత్వం. రెండో పక్షం ఘోషయాత్రా, ఉత్తర గోగ్రహణమూ తెచ్చి, కర్ణుడు ఎన్నిసార్లు వెనుదిరిగాడో లెక్క చెప్పింది. మొదటి పక్షంలో మన పిల్లలు చాలామంది ఉన్నారు, వాళ్ల ఉడుకు మాకు అర్థమవుతుంది. ఇంటర్వ్యూలో ఇంటిపేరు అడిగించుకున్నవాడికి రంగభూమిలో కులం అడిగించుకున్న కర్ణుడు తనవాడే అనిపిస్తాడు. కానీ కర్ణుడి బాధకు మహాభారతం చూపిన పరిష్కారం ఏమిటి? అతను నిజానికి సూతుడు కాడని చెప్పడం. కుంతి కడుపున పుట్టాడు, సూర్యుడి కొడుకు, పెద్ద పాండవుడు. అవమానం తప్పని చెప్పడానికి బదులు, మనిషిని పొరపాటుగా గుర్తుపట్టారని చెప్పి చేతులు దులుపుకున్నారు. సినిమా కూడా అంతే. యూనిట్ల కోసం ఎవరినైనా పట్టిచ్చే భైరవుడికి చివర్లో గొప్పతనం వచ్చింది అతను చేసిన పని నుంచి కాదు, పోయిన జన్మ నుంచి.

ఇట్లాంటి దిద్దుబాటు ఏకలవ్యుడికీ తప్పలేదు. ఆదిపర్వంలో అతను నిషాదరాజు కొడుకు, బొటనవేలు కోసి ఇచ్చినవాడు. ద్రోణపర్వంలో కృష్ణుడు స్వయంగా అర్జునుడితో, నీ మేలు కోసమే ఏకలవ్యుణ్ని చంపానంటాడు. హరివంశం వచ్చేసరికి అతనికి యాదవ పుట్టుక అంటగట్టారు. పసితనంలో వదిలేస్తే నిషాదులు పెంచారట. విలువిద్య వచ్చినవాడు నిషాదుడిగా ఉండటానికి వీల్లేదు. సినిమాలో కర్ణుడి విల్లు వెలుగుతుంది, అర్జునుడి విల్లు విలన్ చేతికొస్తుంది. ఏకలవ్యుడి విల్లు ఏమైంది? అది ఏ అభిమాని జాబితాలోనూ మాకు కనపడలేదు.

2898 కాశీలో కులం పేరెత్తే మనిషి ఉండడు. ప్రపంచంలో మిగిలిన చివరి నగరం కాశీ అన్నారు. తెలుగువాళ్లకు కాశీ అనగానే సత్యహరిశ్చంద్ర నాటకంలో కాటిసీను గుర్తొస్తుంది. వీరబాహుడి దగ్గర అమ్ముడుపోయిన రాజు, కాలుతున్న శవాలు. బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన ఆ నాటకంలో జాషువా శ్మశానవాటి పద్యాలు పాడించుకోకుండా మన ఊళ్లలో జనం నటుణ్ని దిగనిచ్చేవాళ్లు కాదు. కాశీ కాటిలో దళిత కవి గొంతు తెలుగు పల్లె అట్లా నిలబెట్టుకుంది. ఇప్పటికీ మణికర్ణిక ఘాట్‌లో చితికి నిప్పిచ్చేది డోములే. ఎనిమిది వందల డెబ్భై ఏళ్ల తర్వాతి కాశీలో ఎగిరే బండ్లున్నాయి, డోములు లేరు. కులం పోయిందని చూపడం వేరు, అడగకుండా తీసేయడం వేరు.

ఆ కాశీలో భైరవుడి కోరిక ఒక్కటే: పది లక్షల యూనిట్లు పోగేసి కాంప్లెక్స్‌లోకి పోవడం. సైబర్ టవర్స్‌ను 1998 నవంబర్‌లో వాజ్‌పేయి ప్రారంభించినప్పటి నుంచి ఈ పాతికేళ్లకు పైగా మన జిల్లాల నుంచి బస్సెక్కిన పిల్లల కోరిక కూడా అదే. మెడలో కార్డు, గేటు లోపలి ఏసీ. అందుకే ఆ హీరో వాళ్లకు పట్టాడు. ఈ కారిడార్‌లోనే, గచ్చిబౌలిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఉంది. హాస్టల్ నుంచి గెంటివేయబడిన ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులు 2016 జనవరిలో అక్కడి షాపింగ్ కాంప్లెక్స్ దగ్గర డేరా వేసి దానికి వెలివాడ అని పేరు పెట్టారు. ఆ ఐదుగురిలో ఒకడైన రోహిత్ వేముల జనవరి 17న చనిపోయాడు. కార్ల్ సేగన్ లాంటి విజ్ఞాన రచయిత కావాలన్నది అతని కోరిక. తెలుగులో సైన్స్ ఫిక్షన్ ఎవరు రాయాలి, ఎవరి భవిష్యత్తు మీద రాయాలి అనే మాట వచ్చినప్పుడు ఆ పేరు పక్కన పెట్టి మాట్లాడడం మాకు సాధ్యం కాదు.

చివరిగా శంబల. ఇది అభిమానులు సరిగ్గా తవ్వితే సినిమా మొత్తం కదిలే చోటు. పురాణాల్లో శంబల ఒక గ్రామం. అక్కడ విష్ణుయశుడనే బ్రాహ్మణుడి ఇంట్లో కల్కి పుడతాడు. కల్కిపురాణంలో తల్లి పేరు సుమతి. సినిమాలో దీపికా పదుకొణె వేసిన సమ్-80 అనే నెంబరు మనిషికి సుమతి అనే పేరు రావడం అందుకే. నెంబరు చెరిగి పేరు వచ్చిందని హాల్లో చప్పట్లు కొట్టాం. ఆ పేరు ఏ ఇంటిదో చూసుకోలేదు. అదే కల్కిపురాణంలో కల్కి కీకటానికి దండెత్తి బౌద్ధులను చంపుతాడు. 1956 తర్వాత మనలో లక్షలమంది బౌద్ధులం. ఈ ప్రీక్వెల్‌లో మనం ఏ పక్కన ఉన్నామో వేరే చెప్పాలా?

కానీ సినిమాలో కనిపించే శంబల, అన్ని మతాల వాళ్లూ తలదాచుకున్న రహస్య నగరం, ఆ పురాణ గ్రామం కాదు. దాచిన రాజ్యంగా శంబల బౌద్ధుల కాలచక్ర తంత్రంలోది. ఆ సంప్రదాయం ప్రకారం శంబల రాజు సుచంద్రుడు ఆ బోధ విన్నది ధాన్యకటకంలో, అంటే మన గుంటూరు సీమ అమరావతిలో. ఆ తంత్రం పదకొండో శతాబ్దం నాటిదని చరిత్రకారులంటారు. ధాన్యకటకం మాట కథే కావచ్చు, అయినా దలైలామా 2006 జనవరిలో అమరావతిలో కాలచక్ర జరిపింది ఆ కథను బట్టే. ఆ శంబలలో ఎనిమిదో రాజు యశస్సు వర్ణాలన్నిటినీ కలిపి ఒకే వజ్రకులం చేశాడు. కల్కి అనే బిరుదు అతనితో మొదలైంది. అక్కడా చివర్లో మ్లేచ్ఛులతో యుద్ధం ఉంది, దాన్ని దాచాల్సిన పనిలేదు. కానీ ఒక కల్కి వర్ణాలను నిలబెట్టడానికి వస్తాడు, ఇంకొక కల్కి వర్ణాలను కలిపినందుకే కల్కి అవుతాడు. సినిమా నగరాన్ని రెండో కథ నుంచి తెచ్చుకుని, గర్భాన్ని మొదటి కథ నుంచి తెచ్చుకుంది.

దీపిక రెండో భాగంలో ఉండరని 2025 సెప్టెంబర్‌లో వైజయంతీ మూవీస్ ప్రకటించినప్పుడు అభిమానులు మళ్లీ కంటిన్యుటీ అన్నారు. ముఖం మారితే సుమతి సుమతేనా అని. ముఖం సంగతి మేకప్పు వాళ్లు చూసుకుంటారు. పుట్టబోయేవాడు ఏ శంబలకు చెందినవాడు అన్నది అడగండి. అడిగేటప్పుడు లక్క ఇంట్లో పడుకున్న ఆ తల్లి పేరేమిటో కూడా అడగండి.