చంపింది తోడేలు కాదు

‘ద లాంగ్ డార్క్’ అనే వీడియో గేమ్ సర్వైవల్ మోడ్‌లో మనిషి చచ్చిపోతే వాడితో పాటు సేవ్ ఫైలూ పోతుంది. నిన్న ఆపిన చోట నుంచి మళ్ళీ అందుకుందామంటే కుదరదు. నెలల తరబడి ఏరి పెట్టుకున్న కట్టెలు, కుందేలు తోలుతో కుట్టుకున్న చేతి తొడుగులు, ఏ గుడిసెలో ఏం దాచామన్న లెక్క, అన్నీ ఒక్క నల్లటి తెరతో సరి. వైకుంఠపాళిలో పెద్దపాము మింగినా అంతేగా అంటారేమో. అక్కడ మనల్ని పాము నోట్లో పడేసేవి గవ్వలు. నాలుగు తిట్లు తిట్టుకోవడానికి గవ్వలున్నాయి. ఇక్కడ గవ్వల వంతు చాలా తక్కువ. వాతావరణం గేమ్ చేతిలో ఉంటుంది, తోడేలు ఎటు తిరుగుతుందో కూడా దాని ఇష్టమే. అంతదూరం నడిచి వెళ్ళింది మాత్రం మనమే.

దీన్ని చేసింది కెనడాలోని హింటర్‌ల్యాండ్ స్టూడియో. రఫాయెల్ వాన్ లీరోప్ 2012లో ఆ స్టూడియో మొదలుపెట్టాడు. మరుసటి ఏడాది కిక్‌స్టార్టర్‌లో జనం దగ్గర చందాలు పోగుచేసి, 2014 సెప్టెంబరులో ఇంకా తయారవుతున్న గేమ్‌నే స్టీమ్‌లో అమ్మకానికి పెట్టాడు. పూర్తి గేమ్ 2017 ఆగస్టు 1న వచ్చింది. ఉత్తర కెనడాలో గ్రేట్ బేర్ అనే కల్పిత దీవి. భూ అయస్కాంత తుపాను చెలరేగి కరెంటు, ఇంజన్లు, ఫోన్లు అన్నీ మూగబోయాయి. విమానం కూలిపోయిన పైలట్ మెకెంజీ, అతనితో వచ్చిన డాక్టర్ ఆస్ట్రిడ్‌ల కథ ఒక భాగం. నేను ఆడేది రెండోది, సర్వైవల్ మోడ్. అందులో కథ లేదు, చేరాల్సిన గమ్యం లేదు, గెలుపన్నదే లేదు. దయ్యాలూ జాంబీలూ లేరు. చలి, అలసట, దాహం, ఆకలి అని నాలుగు కొలతలుంటాయి. ఏది అడుగంటినా ఒంట్లో సత్తువ శాతం చొప్పున దిగిపోతుంది. ఆకలితో పోవడానికి రోజులు పడుతుంది, దాహంతో అంతకంటే తక్కువ. చలికైతే కొన్ని గంటలే చాలు. కొత్తవాళ్ళు తిండి కోసం పరుగెత్తి చలికి చచ్చిపోతారు.

హైదరాబాద్‌లో మే నెల ఎండకి ఫ్యాన్ వేడిగాలి విసురుతుంటే, తెర మీద మైనస్ పాతిక డిగ్రీల్లో వేళ్ళు కొంకర్లు పోతాయని కంగారుపడటం ఇంట్లోవాళ్ళకి వింతగానే ఉంటుంది. మంచు కురవడం నేను కళ్ళతో చూడలేదు. అయినా నీళ్ళ కోసం మంచు కరిగించాలని, కరిగిన దాన్ని మరిగిస్తే తప్ప తాగకూడదని, ఈ గేమ్‌లో తోడేలు మాంసం ఉడికించి తిన్నా పేగుల్లో పురుగులు పట్టే ప్రమాదం ఉందని, బూజులా చెట్లకు వేలాడే ఒక రకం లైకెన్‌ని గాయానికి కట్టొచ్చని ఈ ఆట పుణ్యమా అని నేర్చుకున్నాను. దీన్ని నమ్మి నిజం అడవికి వెళ్ళకండని మొదట్లోనే హెచ్చరిక వేస్తారు. మంచి పనే.

ఇంజనీరింగ్ చదువుతున్న మా మేనల్లుడికి ఈ గేమ్ అంటగట్టింది నేనే. వాడు తుపాకుల ఆటలు ఆడే రకం. ఒక పూట ఆడి, “ఇదేం గేమ్ మామయ్యా, నడవడమే పని!” అన్నాడు. నిజమే. నడక, కట్టెలు విరవడం, నిద్రపోవడం. గేమ్‌లో ఒక రోజంతా గడవడానికి మన గడియారంలో 2 గంటలు పడుతుంది. ఆ 2 గంటల్లో ఏ గొడవా జరగకపోవచ్చు కూడా. అయినా వాడు వదల్లేదు. సెలవుల్లో మా ఇంటికి వచ్చినప్పుడు పక్కన కూర్చుని చూసేవాణ్ణి. వాడి మొదటి పెద్ద చావు నా కళ్ళముందే జరిగింది.

మిస్టరీ లేక్ అనే ప్రాంతం. సరస్సు ఒడ్డున క్యాంప్ ఆఫీసని ఒక చెక్క ఇల్లుంటుంది, వీడి కాపురం అందులో. ఆ రోజు మధ్యాహ్నం దాటాక బయల్దేరి, రైలుపట్టాల దగ్గర జింకను కొట్టాడు. కోసి మాంసం తీసేసరికి పొద్దు వాలింది. ఈ గేమ్‌లో మామూలుగా మనిషి మోయగలిగేది 30 కిలోలు. వీడి సంచిలో అప్పటికే పెద్ద సుత్తి, రెండు గొడ్డళ్ళు, అరడజను టిన్నులు ఉన్నాయి. మాంసం వేసుకునేసరికి అంకె ఎర్రబడింది.

“సగం వదిలెయ్‌రా. రేపొచ్చి తీసుకో,” అన్నాను.

“ఇంత మాంసం ఎలా వదిలేస్తాను మామయ్యా!”

బరువు మితిమీరితే మనిషి పరుగెత్తలేడు, ఈడ్చుకుంటూ నడుస్తాడు. పచ్చి మాంసం వాసన తోడేళ్ళకి దూరం నుంచే తెలుస్తుంది. తెర మీద వాసన గుర్తు పక్కన గీతలు నిండి ఉన్నాయి. వాడు వాటివైపు చూడనైనా లేదు. కాసేపటికి అరుపు వినిపించింది. తుపాకీ ఎత్తాడు, కంగారులో గుండు గురితప్పింది. తోడేలు మీదపడింది. మౌస్ విరిగిపోతుందేమో అన్నంతగా నొక్కి ఎలాగో వదిలించుకున్నాడు. కోటు చిరిగింది, రక్తం కారింది. కట్టు కట్టుకున్నాడు. “బతికాను!” అని నావైపు తిరిగి నవ్వాడు కూడా. అప్పుడే గాలి లేచింది. రెండు నిమిషాల్లో ఎదురుగా ఉన్న చెట్టు కూడా కనిపించని మంచు తుపాను. ఇల్లు సరస్సు అవతలి ఒడ్డునే ఉందని గడ్డకట్టిన నీళ్ళ మీదికి దిగాడు. చిరిగిన కోటులో చలి కొలత చూస్తుండగానే అడుగంటింది. మంట వేసుకుందామంటే, గాలి ఎక్కువగా ఉంది, ఇక్కడ అంటుకోదు అంది గేమ్. సంచిలో డబ్బాడు అగ్గిపుల్లలున్నాయి, చాలినన్ని కట్టెలూ ఉన్నాయి. నాలుగడుగులు వేసి కూలబడ్డాడు. తెర నల్లబడింది.

“దరిద్రపు తోడేలు!” అన్నాడు.

తోడేలు వాణ్ణి చంపలేదు. దాన్ని గెలిచాడు కదా. తుపానా అంటే, ఖాళీ సంచీతో పరుగెత్తగలిగి ఉంటే తుపాను లేచేసరికి ఇంట్లో పొయ్యి ముందు ఉండేవాడు. మాంసమూ కాదు. సుత్తీ రెండో గొడ్డలీ ఇంట్లో పెట్టి వచ్చి ఉంటే సగం మాంసం హాయిగా మోసేవాడు. అలా ఒక్కో మెట్టూ వెనక్కి దిగితే, వాడు చచ్చింది సరస్సు మీద కాదు, ఇంటి గుమ్మంలో. సంచిలో ఏముందో చూసుకోకుండా తలుపు తీసినప్పుడు. ఆ తర్వాత జరిగినదంతా వాయిదాల మీద కట్టిన అప్పు.

ఇదంతా అప్పుడే చెప్తే వాడు ల్యాప్‌టాప్ నా నెత్తిన వేసేవాడే. మూసేసి వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళు ఆ గేమ్ పేరెత్తలేదు.

పట్టుదల అనే గుణాన్ని మనం పళ్ళు బిగించడంతో ముడిపెడతాం. ఓడినా లేవాలి, దెబ్బతిన్నా నిలబడాలి అని గోడల మీద రాస్తాం. ఈ ఆట ఆడేవాళ్ళని చూశాక నాకు ఆ మాట మీద అనుమానం పుట్టింది. పళ్ళు బిగించి తిరిగొచ్చినవాడు వారంలో మళ్ళీ అలాగే చస్తాడు, ఎందుకంటే వాడు తోడేలు మీద పగతో వచ్చాడు. నిలిచేవాళ్ళు వేరే దారిన వస్తారు. వాళ్ళని ఒక ప్రశ్న కుదురుగా కూర్చోనివ్వదు. మా వాడు ఒకరాత్రి ఫోన్ చేసి, బాగున్నావా అని కూడా అడక్కుండా, “మామయ్యా, ఆ జింకని పట్టాల దగ్గర కాకుండా ఇంటివైపు తరిమి, సరస్సు దగ్గర కొట్టి ఉంటే?” అన్నాడు. వీడు మళ్ళీ మొదలుపెడతాడని అప్పుడు తెలిసింది. అది పౌరుషం కాదు, ఆరా. ఎక్కడ తప్పిందో తెలుసుకోవాలన్న దురద.

చావు ఎక్కడ మొదలైందన్న ఈ లెక్క కొత్తదేం కాదు. అమెరికన్ రచయిత జాక్ లండన్ ‘టు బిల్డ్ ఎ ఫైర్’ కథను రెండుసార్లు రాశాడు. 1897లో బంగారం వేటకి క్లాండైక్ వెళ్ళి ఆ చలిని ఒంటి మీద చవిచూసినవాడు. 1902లో కుర్రవాళ్ళ పత్రికలో వచ్చిన కథలో మనిషి కాళ్ళూ చేతులూ మంచుకి దెబ్బతిన్నా బతికి బయటపడతాడు, బుద్ధి తెచ్చుకుంటాడు. 1908లో అచ్చయిన కథలో మనిషికి పేరు కూడా లేదు, చచ్చిపోతాడు. స్ప్రూస్ చెట్టు కింద మంట వేస్తాడు, కొమ్మల మీది మంచు జారిపడి మంట ఆరిపోతుంది. చదివేవాళ్ళకి ప్రాణం జారేది అక్కడే. లండన్ మాత్రం ఆ చావుని ముందునుంచే పేరుస్తూ వచ్చాడు. ఇంత చలిలో ఒంటరిగా వెళ్ళొద్దని సల్ఫర్ క్రీక్ ముసలాయన చెప్పిన మాట విని అతను నవ్వేస్తాడు. అక్కడే ముగిసింది. ఈ గేమ్ పుట్టడానికి నూరేళ్ళకు పైగా ముందే దీని వ్యాకరణం ఆ రెండో కథలో ఉంది. మొదటిదాని కంటే రెండోది ఎందుకు గొప్పదో, ఓ పది చావులు చచ్చినవాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు.

చచ్చాక ఏం మిగులుతుంది? కాస్త మిగులుతుంది. ‘ఫీట్స్’ అని ఉంటాయి. అన్ని ఆటల్లో కలిపి 1000 మంటలు వేస్తే ఒక మెప్పు, 1000 కిలోమీటర్లు నడిస్తే ఇంకొకటి. వాటిని తర్వాతి మనిషికి వాడుకోవచ్చు. అసలు ఆస్తి అది కాదు. దీవి మారదు. వస్తువులు ఒక్కోసారి ఒక్కోచోట దొరుకుతాయి గానీ కొండ కొండే, వంతెన వంతెనే. ఏ గుహలో గాలి రాదో, ఏ మలుపులో తోడేలు కాపు కాస్తుందో ఆడేవాడి కాళ్ళకి తెలిసిపోతుంది. మనిషి చస్తాడు, దారి చావదు.

అలాగని జాగ్రత్తే సర్వస్వం అనుకుని ఇంట్లో కూర్చోనివ్వరు. రోజుల తరబడి తలుపేసుకుంటే ‘క్యాబిన్ ఫీవర్’ పట్టి, ఇంటి లోపల నిద్రపోలేని పరిస్థితి వస్తుంది. కష్టమైన ‘ఇంటర్‌లోపర్’ స్థాయిలో తుపాకులే ఉండవు, రోజులు గడిచేకొద్దీ చలి ముదురుతుంది. అక్కడ ఆటగాళ్ళు ఒక కిటుకు కనిపెట్టారు. పగలంతా పస్తుండి, పడుకోబోయే ముందు కొంచెం తింటే, ఆకలి వల్ల పోయిన సత్తువ నిద్రలో తిరిగొచ్చేస్తుంది, తిండి ఆదా. కడుపు మాడ్చుకుని వందల రోజులు బతకడం! తయారుచేసినవాళ్ళు దాన్ని నిషేధించలేదు. వరసగా 3 రోజులు ఆకలి లేకుండా ఉంటే ఒంటికి బలం వచ్చి ఇంకో 5 కిలోలు మోయగలిగేలా చేశారు. మొండివాళ్ళని లొంగదీయడానికి శిక్ష కంటే అన్నం పెట్టడం మేలని వాళ్ళకి తోచింది. నాకు ఈ గేమ్‌లో అన్నిటికంటే నచ్చిన మార్పు అది.

ఇక మళ్ళీ మొదలుపెట్టడం. చాలామంది ఆగిపోయేది చావు దగ్గర కాదు, ఆ తర్వాతి మొదటి గంటలో. ఒంటి మీద పల్చటి చొక్కా, కాళ్ళకి నడకకి పనికిరాని బూట్లు, చేతిలో పుల్లలు. ఇన్నాళ్ళ వైభవం గుర్తొచ్చి ఏడుపొస్తుంది. నాకైతే ఆ గంటే ఇష్టం. అన్నీ అమరిన ఇంట్లో వందో రోజు గడిపే మనిషికి చెయ్యడానికి పెద్దగా ఏమీ ఉండదు, ఉన్నది పోగొట్టుకోకుండా చూసుకోవడం తప్ప. మొదటి గంటలో మాత్రం బర్చ్ బెరడు ముక్క దొరికినా పండగే. తిరిగి మొదలుపెట్టగలిగే వాళ్ళంతా గుండె గట్టివాళ్ళని నేననుకోను. మొదలుపెట్టడంలో రుచి దొరికినవాళ్ళు, అంతే.

ఈ ఓర్పు చదువులో పనికొస్తుందని, ఉద్యోగంలో ఉపయోగపడుతుందని రాస్తే పత్రిక వాళ్ళకి బాగుంటుంది గానీ, అబద్ధం. మా వాడికి బ్యాక్‌లాగులు అలాగే ఉన్నాయి. గుమ్మంలో సంచి విప్పి చూసుకునే అలవాటు పరీక్ష హాలు దాకా పాకలేదు. ఆటని ఆటగా ఉండనివ్వడం మంచిది.

తర్వాత్తర్వాత గేమ్‌లో ‘చీట్ డెత్’ అని పెట్టారు. చావబోయేవాడు శాశ్వతమైన ఒక అవిటితనాన్ని ఎంచుకుని, దాంతోనే బతుకు సాగించొచ్చు. దానివల్ల ఆట పలచబడిందని నా ఫిర్యాదు. మా మేనల్లుడు ఒప్పుకోడు. “నీకు ఖాళీ ఉంది మామయ్యా. నాకు సెమిస్టర్ ఉంది,” అంటాడు. అయినా వాడు ఇంతవరకు దాన్ని వాడలేదు. పోయిన ఆదివారం చూస్తే కొత్త మనిషితో ఫోర్లోర్న్ మస్కెగ్ అనే బురదనేల వైపు వెళ్తున్నాడు. అక్కడ మంచుపొర పల్చగా ఉంటుంది, అడుగు పడితే విరుగుతుంది. సంచి చూద్దును కదా, మళ్ళీ అదే సుత్తి.

“ఇదెందుకురా మళ్ళీ?”

“కొలిమి అక్కడుంది కదా. బాణం ములుకులు కొట్టాలి.”

“బొగ్గు?”

“ఉంది. మాంసం ఇంట్లోనే పెట్టేశాను, అడక్కు,” అన్నాడు, తెర మీది నుంచి కళ్ళు తిప్పకుండా.