కౌటిలీయమున లేఖసంపద

కౌటిల్యుని అర్థశాస్త్రము ద్వితీయాధికరణమున పదవ అధ్యాయము శాసనాధికారము. రాజలేఖ యెట్లుండవలెనో అందు చెప్పబడినది. అర్థక్రమము, సంబంధము, పరిపూర్ణత, మాధుర్యము, ఔదార్యము, స్పష్టత్వము అను నాఱును లేఖసంపద. అకాంతి, వ్యాఘాతము, పునరుక్తము, అపశబ్దము, సంప్లవము అను నైదును లేఖదోషములు. మాధుర్యౌదార్యముల పేళ్లు భరతదండుల గ్రంథములందును గన్పట్టుటచే ఈ పట్టికను కావ్యగుణవిచారమునకు తొలిరూపముగా జూచుట సహజమే. కాని ఆ పోలికను సాగదీసినచో కౌటిల్యుని యాశయము మఱుగుపడును. ఆలంకారికులకు కాంతి కావ్యగుణము. కౌటిల్యునకు అకాంతి యనగా నల్లబడిన పత్రము, వికృతములై, హెచ్చుతగ్గులై, వెలిసిపోయిన యక్షరములు. కంటికి సరిగా గానరానిది అర్థమునకును దోషమే యని యాతని మతము. పదసముదాయమును విభజింపరానిచోట విభజించుటయు, విభజింపవలసినచోట మానుటయు సంప్లవమని చెప్పుటయు నిట్టిదే.

ఈ రెండు దోషములును నేటి తెలుగు కార్యాలయపత్రములందు సులభముగా దొరకును. తెలుగు అక్షరమునకు గుడి పైనను, వత్తు క్రిందను నుండును. రోమను లిపికి సరిపడు నెడమునే పంక్తులనడుమ నుంచి యచ్చువేసినచో పైపంక్తి వత్తు క్రిందిపంక్తి గుడిని దాకును. నకలు తీయగా వత్తు చెఱిగి 'పద్దు' 'పదు' యగును. దీనిని అచ్చుపనివాని లోపమని త్రోసివేయుట వాడుక. కౌటిల్యుడు అట్లు త్రోసివేయలేదు. అందమైన యక్షరము వ్రాయుట లేఖకుని యర్హతలలో నొకటిగా నాతడు చేర్చినాడు.

అర్థక్రమమున ప్రధానార్థము ముందు రావలెను. మన కార్యాలయలేఖలో పూర్వోత్తరముల సంఖ్యలును తేదీలును ముందు వరుసగా నిలుచును. చేయవలసిన పని తుద కెక్కడనో యుండును. క్రియ చివరవచ్చు భాష యగుటచే తెలుగున నీ కష్టము రెట్టింపగును. 1966 నాటి అధికారభాషాచట్టము తెలుగును కార్యాలయమునకు దెచ్చినది గాని వాక్యరచనను తీర్చుట దాని పని కాదు. 'దరఖాస్తును పూరించి, రుసుము చెల్లించి, తహసీలుదారుచే ధ్రువీకరింపబడి, గడువులోపల సమర్పింపవలెను' అను తీరు వాక్యమును జూడుడు. పూరించువాడు అర్జీదారు, ధ్రువీకరింపబడునది దరఖాస్తు. క్త్వార్థకమునకు సమానకర్తృకత్వము వలయునను నియమము నడుమ తెగినది. కారకములను తప్పుగా ప్రయోగించుట అపశబ్దమని కౌటిల్యుడు చెప్పినది ఇట్టిదానికే వర్తించును. ఈ వ్యాకరణదోషము పండితుని చెవికి మాత్రమే సోకునది గాదు: తహసీలుదారు కడకు తాను పోవలెనో, కాగితమే పోవునో అర్జీదారునకు దెలియదు.

స్పష్టత్వమనగా ప్రతీతశబ్దప్రయోగము. రసీదు, జామీను, దస్తావేజు ప్రతీతములు. వానికి బదులు కొత్తగా గూర్చిన సంస్కృతసమాసములు పలుచోట్ల కావు. ఇంతకుమించి చెప్పనక్కఱలేదు.

పునరుక్తవిషయమున మాత్రము నిలిచి చూడవలసియున్నది. కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడిలో అశోకుని పదునాలుగు శిలాశాసనములును, లఘుశాసనములును గలవు. పదునాలుగవ శాసనమున, కొన్ని విషయములు మాధుర్యముచే మాటిమాటికి చెప్పబడినవనియు, జనులు తదనుసారముగా నడచుకొనుటకే యట్లు చేసితిననియు అశోకుడు చెప్పుచున్నాడు. కొన్ని అసమగ్రముగా నుండుటకు లిపికారుని తప్పును గూడ నొక కారణముగా నెన్నినాడు. కౌటిల్యునకు దోషమైన పునరుక్తి ఇచట మాధుర్యమున జేరినది. అర్థశాస్త్రముయొక్క కాలమును గూర్చి పండితు లేకాభిప్రాయులు కారు గనుక ఒకరు రెండవవారిని ఖండించిరనరాదు. భేదము చదువరియందున్నది. కౌటిల్యుని లేఖ ప్రధానముగా రాజునకో యధికారికో చేరును, అశోకునిది జనులకు.

ఎఱ్ఱగుడి లఘుశాసనమున కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికిని, కొన్ని కుడినుండి యెడమకును చెక్కబడినవి. అకాంతికిని సంప్లవమునకును ఇంతకన్న నుదాహరణము వలదు. అయినను ఆ శాసనమే, రజ్జుకుడు భేరి మ్రోయించి జానపదులకు ఆజ్ఞ దెలుపవలెనని విధించుచున్నది. రాతిని జదువుకొను భారము రజ్జుకునిది, జనులు వినువారు. నేటి తాఖీదును అందుకొనువానికి నడుమ రజ్జుకుడు లేడు. కాగితముతో నొంటరిగా గూర్చుండునది యాతడే. అట్టివానికై గడువుతేదీని పత్రము మొదటను, రుసుము చెప్పినచోటను, సంతకము క్రిందను మరల వ్రాయుట పునరుక్తమగునా? చెప్పినదానినే 'విశేషము లేక' రెండవమాఱు చెప్పుటయే దోషమని కౌటిల్యుని లక్షణము. ఒక్కొక్కచోట ఆ తేదీ యొక్కొక్క పనికి గడువగుచున్నది గనుక ఆ లక్షణము దీనికి బట్టదు.