కుంటా పేరు, మన పేరు

మన ప్రాంతంలో చదువుకున్న గిరిజన యువతలో చాలామందికి ‘ఏడు తరాలు’ పుస్తకం తెలుసు. అలెక్స్ హేలీ 1976లో రాసిన ‘రూట్స్’ను సహవాసి తెలుగు చేశారు. నేను ఆశ్రమ పాఠశాల హాస్టల్లో ఉండగా చదివాను. మొదటి పేజీలు చిరిగిపోయిన ప్రతి అది. అయినా పదిమందిమి వంతులేసుకుని చదివాం. అదే కథను అమెరికాలో ఏబీసీ టెలివిజన్ 1977 జనవరి 23 నుంచి 30 వరకు వరసగా ఎనిమిది రాత్రులు సీరియల్‌గా చూపించిందని అప్పట్లో మాకు తెలియదు. చాలా ఏళ్ల తర్వాత, నేను కూడా టీచర్‌నయ్యాక, ఆ సీరియల్ మొత్తం చూశాను. దాని గురించి మనం మాట్లాడుకోవలసింది చాలా ఉంది.

చివరి రాత్రి దాదాపు పది కోట్ల మంది చూశారని లెక్క. అంటే అప్పటి అమెరికా జనాభాలో సగానికి దగ్గర. నల్లవాళ్ల కథను తెల్లవాళ్లు ఇళ్లలో కూర్చుని అంతమంది చూడటం అంతకుముందు జరగలేదు. 37 ఎమ్మీ నామినేషన్లు, 9 అవార్డులు వచ్చాయి. కానీ ఒక కథ మంచిదా కాదా అన్నది చూసినవాళ్ల లెక్కతో తేలదు. ఆ కథ ఎవరి పక్షాన నిలబడింది, ఏం చెప్పింది, ఏం చెప్పకుండా దాటేసింది అన్నది చూడాలి.

ముందు దాని బలం చెబుతాను. ఈ సీరియల్ మొత్తం ఒక పేరు చుట్టూ తిరుగుతుంది. 1750లో గాంబియాలోని జుఫూరే పల్లెలో బిడ్డ పుడతాడు. తండ్రి ఒమోరో ఆ పసివాణ్ణి రాత్రిపూట బయటికి తీసుకెళ్లి, రెండు చేతులతో ఆకాశానికి ఎత్తి పట్టుకుంటాడు. కుంటా కింటే అన్న పేరు అక్కడ మొదలవుతుంది. పదిహేడేళ్లకు వాణ్ణి పట్టి ఓడలో గొలుసులేసి అమెరికా తెస్తారు. అక్కడ టోబీ అని పేరు పెడతారు. వాడు ఆ పేరు పలకడు. కట్టేసి, అందరి ముందూ కొరడాతో కొట్టిస్తారు. చివరికి ఒళ్లు ఓర్చుకోలేక టోబీ అంటాడు. ఫిడ్లర్ అనే ముసలి బానిస వాణ్ణి ఒళ్లోకి తీసుకుని, నీ అసలు పేరు కుంటా అని గుర్తు చేస్తాడు. కుంటాగా లెవార్ బర్టన్, ఫిడ్లర్‌గా లూయిస్ గోసెట్ ఎంత బాగా చేశారంటే, అక్కడ నాకు నటులు కనిపించలేదు.

ఆ సీను చూసి నేను కాసేపు ఆపేశాను. మా తాత పేరు ఇడుమయ్య. ఆ పేరే నాకు పెట్టారు. బడిలో చేర్చిన రోజు సారు ఆ పేరు విని నవ్వి, రిజిస్టరులో వెంకటేశ్వర్లు అని రాశారు. మా నాయనకు చదువు రాదు, ఏం రాశారో తెలియదు. ఆ సారు చెడ్డవాడు కాదు, మంచి పేరు ఇస్తున్నాననే అనుకున్నాడు. కొరడా దెబ్బనూ కలం పోటునూ నేను ఒకటి చెయ్యను. ఒకటి చేస్తే కుంటా పడిన బాధను తక్కువ చేసినట్టు అవుతుంది. కానీ రెండుచోట్లా అడక్కుండా పేరు మార్చే అధికారం ఒకరి చేతిలో ఉంది. ఇంటి దగ్గర ఇడుమయ్యను, సర్టిఫికెట్‌లో వెంకటేశ్వర్లును. ఇది చదివే టీచర్లలో ఎంతమంది రిజిస్టరులో ఇలాంటి పేర్లున్నాయో ఒకసారి చూసుకోవాలి.

సీరియల్లో ఇంకో చోటు ఉంది. కుంటా కూతురు కిజ్జీ దొంగచాటుగా చదువు నేర్చుకుంటుంది. తను ఇష్టపడిన కుర్రాడు పారిపోవడానికి దొంగ పాసు రాసిస్తుంది. దొరికిపోతుంది. ఆమెను అమ్మేస్తారు, తల్లిదండ్రులు మళ్లీ ఆమె ముఖం చూడరు. చాలా ఏళ్ల తర్వాత తండ్రి సమాధి దగ్గరికి వస్తుంది. దాని మీద టోబీ అని ఉంటుంది. ఆ పేరు కొట్టేసి కుంటా కింటే అని రాస్తుంది. ఏ అక్షరం తనను తల్లిదండ్రుల నుంచి విడదీసిందో ఆ అక్షరంతోనే తండ్రి పేరు తిరిగి నిలబెడుతుంది. చదువు మనకెందుకు అని అడిగే పిల్లలకు నేను ఈ సీను చూపిస్తాను.

ఇప్పుడు లోపాల సంగతి. ఓడ కెప్టెన్ డేవీస్ పాత్రను సీరియల్ చాలా పెంచింది. బైబిలు చదివేవాడు, బానిసల్ని మోస్తున్నందుకు మనసులో నలిగిపోయేవాడు. ఓడ అడుగున మనుషులు ఒకరి మీద ఒకరు పడి చస్తుంటే, పైన గదిలో ఈయన బాధ చూడమంటారు. తెల్ల ప్రేక్షకులు టీవీ కట్టెయ్యకుండా ఉండటానికి వేసిన పాత్ర అని నా అభిప్రాయం. దొరల పాత్రలకు కూడా అప్పటికే జనానికి ఇష్టమైన నటుల్ని తీసుకున్నారు. ‘బొనాంజా’లో మంచి తండ్రిగా పేరు తెచ్చుకున్న లార్న్ గ్రీన్, ‘బ్రేడీ బంచ్’లో తండ్రి రాబర్ట్ రీడ్ ఇందులో బానిసల యజమానులు. ఇది ప్రేక్షకుల్ని మెత్తగా లోపలికి తేవడానికే కావచ్చు. అయితే ఫలితం ఇంకో రకంగా కూడా పనిచేసింది. కిజ్జీని అమ్మేది కొరడా పట్టిన మేస్త్రీ కాదు, రాబర్ట్ రీడ్ వేసిన నెమ్మదైన డాక్టరు. మంచివాడు కూడా మనిషిని తన ఆస్తి అనుకుంటే ఏం చేస్తాడో అక్కడ తెలుస్తుంది. కెప్టెన్ డేవీస్ సీన్లన్నీ చెప్పలేని సత్యం ఆ ఒక్క సీను చెప్పింది.

రెండో సంగతి మనకు ఇంకా దగ్గరది. హేలీ ఇంట్లో ముసలివాళ్లు కొన్ని ఆఫ్రికా మాటలు దాచుకున్నారు. తీగల వాయిద్యాన్ని ‘కో’ అనేవారు, నదిని ‘కాంబీ బొలాంగో’ అనేవారు. ఆ మాటలు పట్టుకుని హేలీ గాంబియా వెళ్లాడు. అక్కడ వంశకథలు నోటితో చెప్పేవాళ్లను గ్రియో అంటారు. మన గోండుల వంశాలను ప్రధాన్లు కిక్రీ వాయిస్తూ పాడినట్టు, కోయల ఇలవేల్పుల కథలను డోలీవాళ్లు పడిగె చూపిస్తూ చెప్పినట్టు. అందుకే మనకు ఈ కథ పరాయిదిగా అనిపించదు.

కానీ 1977లోనే ఒక బ్రిటిష్ విలేకరి జుఫూరే వెళ్లి విచారించాడు. హేలీకి కథ చెప్పిన పెద్దమనిషి వంశపారంపర్యంగా శిక్షణ పొందిన గ్రియో కాదని, హేలీ ఏం వెతుకుతున్నాడో అక్కడివాళ్లకు ముందే తెలుసని రాశాడు. హెరాల్డ్ కూర్లాండర్ అనే రచయిత తన నవలలోని భాగాలు ‘రూట్స్’లో ఉన్నాయని కేసు వేశాడు. 1978లో హేలీ 650,000 డాలర్లు ఇచ్చి రాజీ చేసుకున్నాడు. దీంతో కథంతా అబద్ధం అని కొట్టేసేవాళ్లున్నారు. నేను వాళ్లతో లేను. బానిసత్వం అబద్ధం కాదు, ఓడలు అబద్ధం కాదు, మార్చిన పేర్లు అబద్ధం కాదు. అయినా మనవాడని తప్పు దాచడం కూడా సరికాదు. మన యువకులు ఇప్పుడు ఫోన్లు పట్టుకుని తాతల దగ్గర కథలు రికార్డు చేస్తున్నారు. ‘మనం ఫలానా రాజు వంశమే కదా తాతా?’ అని అడిగితే తాత అవునంటాడు. జవాబు మనమే నోట్లో పెట్టి, తర్వాత అదే సాక్ష్యం అంటాం. ‘మనం ఎక్కడి నుంచి వచ్చాం?’ అని అడిగి ఊరుకోవాలి. ఎవరు చెప్పారు, ఏ ఊళ్లో చెప్పారు, ఎప్పుడు చెప్పారు అన్నది రాసుకోవాలి. ఇంకొకరి నుంచి తీసుకుంటే వాళ్ల పేరు చెప్పాలి. లేకపోతే రేపు ఎవరో ఒకడు ఒక్క తప్పు చూపించి మన చరిత్ర మొత్తాన్ని తోసేస్తాడు.

మూడోది భూమి. చివరి భాగంలో కుంటా వారసులు స్వేచ్ఛ పొంది బండ్లు కట్టుకుని టెనెస్సీ వెళ్లి తమ సొంత నేల మీద నిలబడతారు. ఆనందంగా ముగుస్తుంది. వాళ్ల ఆనందం న్యాయమైనదే. కానీ టెనెస్సీ పడమటి భాగం 1818 దాకా చికాసా తెగ వాళ్లది. ఒప్పందం పేరుతో ప్రభుత్వం తీసుకుంది. సీరియల్ ఆ మాట ఎత్తదు. నేల కోల్పోయిన జాతుల్లో పుట్టిన మనకు ఆ ప్రశ్న రాకుండా ఉండదు.

ఆ ప్రశ్నకు కొంత జవాబు అదే ఏబీసీ 1975లో చూపించిన ‘ఐ విల్ ఫైట్ నో మోర్ ఫరెవర్’ అనే టీవీ సినిమాలో ఉంది. నెజ్ పర్స్ తెగ నాయకుడు జోసెఫ్ కథ అది. 1877లో వల్లోవా లోయ వదిలి నెల రోజుల్లో రిజర్వేషన్‌కు పొమ్మన్నారు. పిల్లలతో, ముసలివాళ్లతో వెయ్యి మైళ్లకు పైగా ప్రయాణం చేసి, కెనడా సరిహద్దు ఇంకా 40 మైళ్లుండగా మంచులో లొంగిపోయారు. సినిమా పేరు జోసెఫ్ లొంగుబాటు మాటల్లోదే. ఆ మాటలు మనకు చేరింది సైన్యంలోని వుడ్ అనే అధికారి రాసుకున్న ఇంగ్లీషులో. జోసెఫ్ తన భాషలో ఏమన్నాడో పక్కన పెట్టి చూసుకునే వీలు లేదు. ఓడిన మనిషి గొంతు గెలిచినవాడి కలంలోంచి వచ్చింది. దాని తర్వాత జోసెఫ్ ఇంకా 27 ఏళ్లు బతికి, తన లోయ తిరిగి ఇమ్మని అడుగుతూనే పోయాడు. ‘ఇక పోరాడను’ అన్న మనిషిగానే ప్రపంచం గుర్తుపెట్టుకుంది. అడుగుతూనే ఉన్న మనిషిని మరిచింది.

ఈ రెండింటినీ కలిపి చూడమని టీచర్లకు నా మనవి. పిల్లలకు చూపించేముందు ఓడ సీన్లు, కొరడా సీను పెద్ద తరగతులకే పెట్టండి. చూశాక మూడు ప్రశ్నలు అడగండి. ఈ కథ ఎవరు చెబుతున్నారు? ఎవరి బాధ ముందు చూపించారు? ఈ నేల అంతకుముందు ఎవరిది? ఈ మూడు ప్రశ్నలు మన మీద తీసే సినిమాలకు కూడా పనికొస్తాయి.

పోయిన ఏడాది మా బడిలో ఒక తల్లి కొడుకును చేర్చడానికి తెచ్చింది. పేరు అడిగితే భయపడుతూ చెప్పింది, సారు మారుస్తారేమో అన్నట్టు. ఆమె ఎలా పలికిందో అలాగే రాశాను. రెండుసార్లు చదివి వినిపించాను. సరే సారూ అని వెళ్లిపోయింది.