ఎత్తిపొడుపు మాటకు అనువాదము

పొగడ్తను పరభాషనుండి తెచ్చుట సులువు. ఎత్తిపొడుపును తెచ్చుట కష్టము. పొగడ్తకు అర్థము చాలును. ఎత్తిపొడుపునకు అర్థముతోపాటు అన్నవాని స్థానమును, పడినవాని స్థితియు తెలియవలయును. ఇందులకు మన యింటి యుదాహరణమే యున్నది. నిజాము రాష్ట్రమున రాజభాష యగు ఉర్దూ నేర్చినవారిలో కొందఱు తెలుగును “తెలంగీ బేఢంగీ” యని హేళన చేసెడివారు.

‘బే’ యనునది పారసీకోపసర్గము, లేమిని తెలుపును. ‘ఢంగు’ అనగా తీరు. తీరుతెన్నులు లేని తెలుగని తాత్పర్యము. ఆ నిందకు బలమిచ్చినది అర్థము గాదు, అంత్యప్రాస. రెండు పదములును ఒకే ధ్వనితో ముగియుటచేత వినువానికి ఋజువు చూపినట్లే తోచును.

దీనిని తెలుగు చేయుటెట్లు? “తెలుగునకు తీరు లేదు” అన్నచో అర్థము సరిపోయినది గాని వెక్కిరింత పోయి ఫిర్యాదు మిగిలినది. “తెలుగు తెగులు” అన్నచో అక్షరములు తారుమారై నవ్వు పుట్టును. కాని నేరము మాఱినది. మొరటుదనుటకు మాఱుగా రోగమనుట అనువాదము గాదు, క్రొత్త తిట్టు. “తెలుగునకు ఆదరణము లేకుండెను” అని వ్రాయుట గాయమును కప్పివేయుటయే. 1921లో హైదరాబాదు సంస్కారసభలో తెలుగున మాటలాడిన వక్తను సభికులు ఎగతాళి చేయగా ఆంధ్ర జనసంఘము పుట్టెను. ఆదరణలేమి యని మెత్తగా చెప్పినచో ఆ సంఘమేల పుట్టెనో చదువరి కెట్లు తెలియును?

వినువారిలోను భేదము కలదు. మంజీరపై 1923 మొదలు 1931 వఱకు నిజాంసాగరు కట్టిన పిమ్మట, దాని కాలువల క్రింద సేద్యమునకు కోస్తా జిల్లాల రైతులు వచ్చి ‘క్యాంపు’లు నెలకొల్పుకొనిరి. ‘బేకారు’ వంటి మాటలు వాడుకలోగల స్థానికునకు ‘బేఢంగీ’ యిట్టే బోధపడును. క్రొత్తగా వచ్చినవానికి విడమఱచి చెప్పవలయును. తెలుగువారందఱికిని ఒకే వివరణము చాలదు.

హేళన పరులనుండియే రాలేదు. తెలంగాణమున కవులు పూజ్యమని తెలుగువారే యొకరు వ్రాసిరి. ‘పూజ్యము’ అనగా సున్న, పూజింపదగినదియు. గౌరవపు మాటతో లేమిని చెప్పుటయే అందలి ముల్లు. ఇంగ్లీషున సున్న యని మాత్రమే వ్రాసిన నా ముల్లు విఱుగును. సురవరము ప్రతాపరెడ్డిగారు దానికి తిట్టుతో బదులీయలేదు; 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి.

కావున అనువాదకుడు అట్టి మాటను మూలరూపముననే నిలిపి, దాని కీళ్లు విడదీసి, ఎవరు ఎవరిని అనిరో తెలుపవలయును. ఇది పగను పెంచుటకు గాదు. ఒక మండలపు యాసను విని వేఱొక మండలమువారు నవ్వుట మన యిండ్లలో నేటికిని మానలేదు. తమ భాషపై పడిన మాట బరువెంతయో పిల్లలకు సరిగా తెలిపినచో, వారు దానిని ఇతరుల యాసపై వేయుటకు వెనుదీయుదురు.