రెండు కథలు మోసిన పద్యం: పింగళి సూరన శ్లేష

రాఘవపాండవీయాన్ని మన సాహిత్య చరిత్రలు ఘనకార్యంగా మెచ్చుకుని, ఆ వెంటనే పక్కన పెట్టేస్తాయి. 16వ శతాబ్దిలో పింగళి సూరన రాసిన ఈ నాలుగాశ్వాసాల కావ్యంలో ఒకే పద్యం అటు రాముడి కథనూ ఇటు పాండవుల కథనూ చెప్పుకుంటూ పోతుంది. అంత కష్టం ఎలా పడ్డాడని ఆశ్చర్యపోతాం గానీ, ఎందుకు పడ్డాడని అడగం. ఒక మాటలో రెండర్థాలు పలికించే శ్లేష సూరనకు వట్టి అలంకారం కాదు, మాటకూ అర్థానికీ ఉన్న సంబంధాన్ని పరీక్షించే పద్ధతి. ఆయన రచనలను వరసగా చూస్తే ఈ సంగతి స్పష్టపడుతుంది.

ముందు పని తీరు చూద్దాం. శ్లేషలో తేలిక రకం అభంగం: మాట విరగదు, అర్థమే మారుతుంది. రాజంటే ఏలిక, చంద్రుడు కూడా. కష్టమైనది సభంగం, అంటే మాటను మరోచోట విరవడం. ‘కలవరము’ ఆందోళన, ‘కల వరము’ అని విరిస్తే కలలో దొరికిన వరం. తెలుగు కవికి ఇక్కడ సంస్కృత కవికి లేని వసతి ఒకటుంది. ఒకే అక్షరాల వరసను ఒక కథలో సంస్కృత సమాసంగానూ, రెండో కథలో అచ్చ తెలుగు మాటలుగానూ విడదీయవచ్చు. తాటాకు మీద పదాల మధ్య ఖాళీ ఉండదు కాబట్టి ఆ విరుపు చదివేవాడి చేతిలోనే ఉంటుంది. ఇక పేర్ల ఇబ్బందికి ద్వ్యర్థి కవులు, అంటే ఒకే పద్యంలో రెండు కథలు చెప్పేవాళ్లు, వాడే ఉపాయం నాకు మరీ ఇష్టం. ఒక కథలో మనిషి పేరైనది రెండో కథలో విశేషణమవుతుంది: ‘భీమ’ అంటే భయంకరమైన, ‘అర్జున’ అంటే తెల్లని.

ఇదంతా చిత్రకవిత్వమనీ, అంటే రసం లేని మాటల గారడీ అనీ, సంస్కృత ఆలంకారికుడు మమ్మటుడే దాన్ని అట్టడుగున పెట్టాడనీ పండితులు అంటారు. ముద్దరాజు రామన వ్యాఖ్య లేకపోతే సగం పద్యాలు కొరుకుడు పడవని పాఠకులు అంటారు. రెండో మాట చాలావరకు నిజం. అర్థాన్ని లాగి పీకిన చోట్లు ఈ కావ్యంలో లేకపోలేదు. మొదటి మాటను మాత్రం ఒప్పుకోలేను. దశరథుడి వేట, పాండురాజు వేట ఒకే పద్యాల్లో నడుస్తున్నప్పుడు ఏమవుతుందో గమనించండి. ఇద్దరూ పొరపాటున బాణం వేసినవాళ్లే, ఇద్దరూ శాపం పొందినవాళ్లే. పుత్రశోకంతో చస్తావన్న శాపంలో, సంతానం లేని దశరథుడికి కొడుకు పుడతాడన్న కబురు దాగి ఉంది. భార్యను తాకితే చస్తావన్న శాపం పాండురాజుకు ఆ దారే మూసేసింది. రెండు ఇతిహాసాలనూ విడివిడిగా ఎన్నిసార్లు చదివినా ఈ పోలిక, ఈ తేడా ఇంత పక్కపక్కన కనబడవు. ఇక్కడ రసానికి శ్లేష అడ్డు రావడం లేదు, రసం దానివల్లనే పుడుతోంది.

ఆ తర్వాత వచ్చిన కళాపూర్ణోదయంలో సూరన ఇంకో అడుగు వేశాడు. అందులో వెనక్కి చదివితే సంస్కృతమయ్యే తెలుగు పద్యం ఒకటుంది. అది సరదా పని, అంతకన్నా పెద్ద సంగతి కథలోనే ఉంది. బ్రహ్మ సరస్వతికి ఒక కథ చెబుతాడు. పైకి అది కళాపూర్ణుడనే రాజు చరిత్ర, లోపల ఆ దంపతుల సరసమే. ఒక మాటకు రెండర్థాలన్న సూత్రం ఇక్కడ పద్యాన్ని దాటి కథకే వెన్నెముక అయింది. పైగా బ్రహ్మ నోటి మాట కాబట్టి ఆ రాజు నిజంగానే పుడతాడు. మాట లోకాన్ని వర్ణించి ఊరుకోదు, లోకాన్ని పుట్టిస్తుంది. రాఘవపాండవీయంలో అక్షరం అక్షరం విరిచి చూసిన కవికి కాక ఇంకెవరికి తడుతుంది ఈ ఊహ?

కట్టమంచి రామలింగారెడ్డి ‘కవిత్వతత్త్వ విచారము’ రాసినప్పటి నుంచీ కళాపూర్ణోదయానికి ఆదరణ దక్కుతూనే ఉంది. దాని వెనకున్న ద్వ్యర్థి కావ్యాన్ని కూడా, రామన వ్యాఖ్యను పక్కన పెట్టుకుని, కనీసం మొదటి ఆశ్వాసం వరకైనా చదవండి.