రెండు రోజులే అతిథి

కొత్త బోధకుడు ఊళ్లోకి వస్తే ఏం చేయాలి? దాదాపు 1,900 ఏళ్ల కిందట గ్రీకులో రాసిన ఒక చిన్న పుస్తకం దీనికి సూటిగా జవాబు చెబుతుంది. ప్రభువే వచ్చినట్టు చేర్చుకోండి, ఒక రోజు ఉంచుకోండి. అవసరమైతే రెండో రోజు కూడా. మూడో రోజూ కదలకపోతే అతడు అబద్ధ ప్రవక్త. వెళ్లేటప్పుడు మళ్లీ బస దొరికేదాకా సరిపడా రొట్టె కట్టివ్వండి. డబ్బు అడిగాడా, అప్పుడూ అబద్ధ ప్రవక్తే.

ఆ పుస్తకం 'దిదాఖే', అంటే పన్నెండుమంది అపొస్తలుల బోధ. మొదటి శతాబ్దం చివరనో రెండో శతాబ్దం మొదట్లోనో పుట్టింది. బైబిల్లో చేరలేదు. శతాబ్దాలపాటు పేరు తప్ప పుస్తకం కనబడలేదు. 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లోని ఒక మఠం గ్రంథాలయంలో ఫిలొథియోస్ బ్రియెన్నియోస్ అనే మతగురువుకు దీని ప్రతి దొరికింది. లియో అనే లేఖకుడు 1056లో రాసిన నకలు అది. 1883లో అచ్చయింది. మొత్తం 16 అధ్యాయాలు. అరగంట చాలు చదవడానికి.

పాలమూరు, నల్లగొండ విశ్వాసులకు ఇందులోని లోకం కొత్తగా అనిపించదు. ఇక్కడి సంఘాలు ఊరూరా తిరిగిన బోధకుల వల్ల పుట్టినవే. రష్యా నుంచి వచ్చిన మెనొనైట్ బ్రదరెన్ మిషనరీ అబ్రహాం ఫ్రీసెన్ 1890 ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టుల అండతో నల్లగొండలో పని మొదలుపెట్టాడు. తర్వాత అమెరికా నుంచి వచ్చినవాళ్లు నాగర్‌కర్నూల్, దేవరకొండ, వనపర్తి, గద్వాల దాకా వెళ్లారు. ఈ ప్రాంతంలో ఎంబీ (మెనొనైట్ బ్రదరెన్) చర్చి అంటే తెలియనివాళ్లు తక్కువ. ఆ ఎంబీ సంఘం పుట్టుకే ఒక నిలదీతతో మొదలైంది. 1860 జనవరిలో అప్పటి దక్షిణ రష్యాలోని మెనొనైట్ పల్లెల్లో 18 మంది కుటుంబ పెద్దలు ఒక కాగితం మీద సంతకాలు చేసి పాత సంఘం నుంచి విడిపోయారు. నోటితో విశ్వాసం, నడతలో తాగుడు, దాన్ని చూసీచూడనట్టు ఊరుకునే బోధకులు: ఇదే వాళ్ల ఫిర్యాదు. దిదాఖే అప్పటికి ఇంకా బయటపడలేదు. అయినా రెండూ పట్టుకున్నది ఒక్కదాన్నే, నడతని.

పుస్తకంలో పనితనమంతా 11వ అధ్యాయంలో ఉంది. ఆత్మావేశంలో మాట్లాడుతున్న ప్రవక్తను పరీక్షించవద్దని ముందు గట్టిగా చెబుతుంది. చదివేవాడికి భయం వేస్తుంది: మరి మోసగాణ్ణి పట్టుకునేదెట్లా? వెంటనే తలుపు తెరుస్తుంది. ఆత్మలో మాట్లాడిన ప్రతివాడూ ప్రవక్త కాడు, ప్రభువు నడత ఉన్నవాడే ప్రవక్త. అంటే మాటల జోలికి పోవద్దు, మనిషిని చూడండి. ఆ మాట చెప్పి ఊరుకోదు, విస్తరి దగ్గరికి తీసుకుపోతుంది. ఆవేశంలో ఉండి భోజనం పెట్టమని ఆజ్ఞ ఇచ్చి, తానే కూర్చుని తిన్నాడా? అబద్ధికుడు. సత్యం బోధించి అది చేయనివాడూ అంతే. గ్రీకు రానక్కర్లేదు, వేదాంతం చదవనక్కర్లేదు. అక్షరం రాని ముసలమ్మ కూడా వంటింటి గడప మీద కూర్చుని ఈ పరీక్ష పెట్టగలదు.

డబ్బు సంగతిలో ఇంకా నేర్పు చూపిస్తుంది. ఆవేశంలో ఉండి నాకు డబ్బివ్వండి అనేవాడి మాట వినొద్దు. లేనివాళ్ల కోసం ఇవ్వమంటే మాత్రం ఎవరూ అతనికి తీర్పు తీర్చొద్దు. అడగడమే తప్పని అనలేదు చూడండి. రూపాయి ఎవరింటికి పోతుందన్నదే ప్రశ్న. ఏ కొలత పెట్టినా దాని పక్కనే ఒక హద్దు గీయడం ఈ రచయిత అలవాటు. లేకపోతే అనుమానం సంఘాన్ని తినేస్తుంది.

ఇక 12వ అధ్యాయం బోధకులు కాని బాటసారుల గురించి. ఇక్కడే ఉంటానంటే, చేతిలో పని ఉందా? చేసుకుని తిననివ్వండి. పని రాకపోతే మీరే ఆలోచించి దారి చూపండి. దానికీ ఒప్పుకోనివాడు క్రీస్తు పేరు అమ్ముకునేవాడు. 13వ అధ్యాయం తక్కెడ రెండో వైపు. నిజమైన ప్రవక్త మీ మధ్య స్థిరపడితే అతని తిండికి లోటు రానివ్వొద్దు. కల్లంలో ధాన్యం, ఎడ్లు, గొర్రెలు, అన్నింట్లోనూ ప్రథమ ఫలం అతనిది. ప్రవక్త లేకపోతే? ఆ ఫలం పేదలకు. బోధకుడు లేని ఊళ్లో కూడా కానుక ఆగదు, చేతులు మారుతుంది, అంతే. మొదటి అధ్యాయంలోనే ఇంకో మాట ఉంది: ఎవరికి ఇస్తున్నామో తెలిసేదాకా ఇవ్వబోయేది చేతుల్లో చెమట పట్టేదాకా పట్టుకోవాలట. వలసపోయి సంపాదించుకొచ్చే పాలమూరు కూలీకి ఆ చెమట గురించి వేరే చెప్పాలా?

నాకు అన్నిటికంటే నచ్చింది 14వ అధ్యాయం. పక్కవాడితో తగువు ఉన్నవాడు, రాజీపడేదాకా ఆదివారం రొట్టె విరిచే కూటంలోకి రాకూడదు. పరిశుద్ధతకు ఇంతకంటే అర్థమయ్యే గుర్తు నేనెక్కడా చూడలేదు. దర్శనాలు, భాషలు, స్వస్థతల ఊసు లేదు. గట్టు తగాదా తెగిందా లేదా, అన్నదమ్ములు మాట్లాడుకుంటున్నారా లేదా అన్నదే లెక్క. శాంతి అంటే మనసులో ఎవరికి వారు అనుభవించే హాయి అని మన సభల్లో చెబుతుంటారు. ఇక్కడ మాత్రం అది ఇద్దరు మనుషుల మధ్య తేలాల్సిన వ్యవహారం.

ఈ కాలానికి నిలవనిది ఒకటుంది, రోజుల లెక్క. ఇప్పటి బోధకుడు ఇంటికి రాడు. టీవీలో, ఫోన్లో వస్తాడు, క్యూఆర్ కోడ్ చూపిస్తాడు. అతనికి బస ఇచ్చేదెవరు, మూడో రోజు లెక్కపెట్టేదెవరు? అతను తినే విస్తరి మనకు కనబడదు. అతని వీధిలోవాళ్లకు, అతని దగ్గర జీతానికి ఉన్నవాళ్లకు కనబడుతుంది. అడగాల్సింది వాళ్లని. చూడనివాణ్ణి ప్రవక్త అని ఒప్పుకోవాల్సిన పని ఎవరికీ లేదు.

సంఘ పెద్దలకు ఒక విన్నపం. వచ్చే ఉజ్జీవ సభలకు కరపత్రం అచ్చు వేయించే ముందు దిదాఖేలో 11 నుంచి 14 దాకా నాలుగు అధ్యాయాలు ఒకసారి అందరూ కూర్చుని చదవండి. పది నిమిషాల పని. పిలవబోయే ప్రసంగీకుడి ముందు కూడా చదవండి, ఆయన ఏమంటాడో వినండి.